ఆదిలోనే హంసపాదు: ఆ గుర్తు ఏమిటి, ఎక్కడిది, ఎలా పెట్టాలి

మీరు అడిగినవి ఒకసారి మళ్లీ రాస్తున్నాను. "ఆదిలోనే హంసపాదు" అంటాం కదా, ఆ హంసపాదు, ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు సరిచూసే ప్రతులు) దిద్దేవాళ్లు పెట్టే ^ గుర్తు ఒకటేనా? అది మనదా, ఇంగ్లీషు వాళ్ల అచ్చుయంత్రంతో పాటు వచ్చిందా? కీబోర్డు మీద 6 అంకె పైన ఉన్నది కూడా అదేనా? చివరగా, మీ తాతగారు ఎత్తి రాసుకున్న పద్యాల నోటుపుస్తకంలో అక్కడక్కడా × గుర్తులున్నాయి, వాటి అర్థం ఏమిటి? ప్రూఫులు దిద్దడం, తాళపత్రాలకు శుద్ధప్రతులు తయారుచేయడం చాలా ఏళ్లుగా నా పని. అందుకని కాస్త వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. హంసపాదు అంటే "ఇక్కడ ఏదో పడిపోయింది, దాన్ని ఇక్కడ చేర్చి చదువుకోండి" అని చెప్పే గుర్తు. పడిపోయింది ఒక ఒత్తు కావచ్చు, మాట కావచ్చు, పద్యంలో ఒక పాదమంతా కావచ్చు. ఆ పేరూ ఆ పద్ధతీ అచ్చుయంత్రం రాకముందు నుంచే మన రాతప్రతుల్లో ఉన్నాయి. ఇంగ్లీషులో క్యారెట్ అనే గుర్తు కూడా ఇదే పని చేస్తుంది కానీ దాని పుట్టుక వేరు. కీబోర్డు మీది ^ ఈ రెండూ కాదు, అది వేరే దారిలో వచ్చి వీటి ఆకారంలో కనిపిస్తోంది. మీ తాతగారి × గుర్తులు చాలావరకు హంసపాదులే అయివుంటాయి, కానీ అన్నీ అవేనని చూడకుండా చెప్పలేం. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు సామెత. ఇది ఎత్తిరాతలు రాసేవాళ్ల కష్టంలోంచి వచ్చిన మాట. తాటాకు మీద గంటంతో రాయడం అంటే నిజానికి గీయడం. ఆకు పైపొర చీలి అక్షరం పడుతుంది, తర్వాత మసి పూసి తుడిస్తే ఆ గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు కనిపిస్తాయి. గీసిన గీతను చెరపడానికి వీల్లేదు. అంత శ్రద్ధగా ఆకులు కత్తిరించి, కంతలు పెట్టి, శ్రీకారం చుట్టి మొదలుపెట్టినవాడు మొదటి పద్యం మొదటి పాదంలోనే ఒక అక్షరం వదిలేశాడనుకోండి. ఆకు మార్చి మళ్లీ మొదలుపెట్టాలి, లేదా అక్కడ హంసపాదు పెట్టి ఆ అక్షరాన్ని వరుస పైనో కిందో ఇరికించాలి. ఇంకా వందల ఆకులు రాయాల్సి ఉండగా ఆదిలోనే ఈ గతి పట్టింది కాబట్టి ఆ మాట. ఇప్పుడు పథకం మొదలైన రోజే సర్వర్ ఆగిపోయినా, సిరీస్‌లో మొదటి మ్యాచ్ ఓడిపోయినా పత్రికలు ఇదే శీర్షిక పెడుతున్నాయి. "మొదట్లోనే ఆటంకం" అన్న అర్థంలో అది బాగా స్థిరపడింది, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

అయితే రెండు అపోహలు మాత్రం తరచూ వింటుంటాను. ఒకటి, పాదు అంటే మొక్క చుట్టూ నీళ్లు నిలవడానికి చేసే పాదు అనుకోవడం. ఇక్కడ పాదు అంటే పాదమే, హంస కాలి గుర్తు అని. హంసపాది అని ఆయుర్వేదంలో వాడే ఒక మొక్క కూడా ఉంది, దానికీ దీనికీ పేరు తప్ప పొత్తు లేదు. రెండో అపోహ నాకు బాధ కలిగిస్తుంది. హంసపాదు అంటేనే దోషమనీ, అపశకునమనీ, రాతలో అది కనిపిస్తే రాసినవాడు అజాగ్రత్త మనిషనీ అనుకుంటారు. దోషం అక్షరం పడిపోవడం. హంసపాదు ఆ దోషాన్ని ఎవరో గమనించి సరిచేశారనడానికి సాక్ష్యం. నా చేతికి రెండు ప్రతులు వచ్చి, ఒకదాంట్లో ఒక్క దిద్దుబాటూ లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలుండి, రెండో దాంట్లో పుటపుటకూ హంసపాదులుంటే, నేను ముందు రెండోదాన్నే నమ్ముతాను. దాన్ని రాశాక ఎవరో మూలంతో పోల్చి చదివారని తెలుస్తుంది. మొదటిదాన్ని అసలు ఎవరైనా మళ్లీ చదివారో లేదో ఆ అందమైన అక్షరాలు చెప్పవు.

ఇక పుట్టుక. సంస్కృతంలో దీనికి రెండు పేర్లున్నాయి, కాకపదం, హంసపదం. రెండూ ఆకారాన్ని బట్టి పెట్టినవే. తడిమట్టి మీద కాకి నడిస్తే ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒక వేలు పడి ఇంచుమించు × లాగానో + లాగానో కనిపిస్తుంది. హంస బాతు జాతి పక్షి, దాని అడుగులో ఒకే చోటి నుంచి మూడు గీతలు విచ్చుకుంటాయి. రత్నశాస్త్రంలో వజ్రానికి చెప్పే దోషాల్లో ఒకదాని పేరు కూడా కాకపదమే, రాయి లోపల కాకి కాలిలా కనిపించే చీలిక అది. తెలుగులో మాత్రం కాకి వెనకబడి హంస పేరు నిలిచింది.

మన శాసనాల్లో ఇది ఎప్పుడు మొదలైందన్నదానికి బ్యూలర్ అనే జర్మన్ పండితుడు 1896లో అచ్చువేసిన భారతీయ లిపిశాస్త్ర గ్రంథం మంచి ఆధారం. అశోకుడి శాసనాల్లోనూ మరికొన్ని తొలి శాసనాల్లోనూ పడిపోయిన అక్షరాలను వరుస పైనో కిందో చెక్కేవారు, లేదా రెండక్షరాల మధ్య సందులో దూర్చేవారు. అది ఏ అక్షరం పక్కన చేరాలో చూపే గుర్తు ఏదీ ఉండేది కాదు, చదివేవాళ్లే పోల్చుకోవాలి. తర్వాతి శాసనాల్లోనూ రాతప్రతుల్లోనూ ఆ చోటు చూపడానికి నిలువుగానో వాలుగానో ఒక చిన్న శిలువ గుర్తు వచ్చింది. కాకపదం, హంసపదం అన్నవి దాని పేర్లే. కొన్నిచోట్ల శిలువకు బదులు స్వస్తిక కూడా పెట్టారు. చేర్చాల్సిన భాగాన్ని అంచులోనో వరుసల మధ్యో రాసేవారు.

ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో చాలా పెద్దది. పడిపోయిన అక్షరాన్ని రాసిపెట్టడం ఒక పని, అది ఎక్కడ చేరాలో చూపడం వేరే పని. ఇవాళ్టికీ ప్రూఫుల్లో సగం గందరగోళం ఈ రెండో పని సరిగా చేయకపోవడం వల్లే వస్తుంది.

ఎక్కువైన అక్షరాలకు వేరే పద్ధతులుండేవి. తొలి శాసనాల్లో తప్పు భాగాన్ని కొట్టేసేవారు, తర్వాత దాని పైనో కిందో చుక్కలో చిన్న గీతలో పెట్టడం వచ్చింది. కాగితం ప్రతుల్లో పసుపు గానీ హరిదళం లాంటి పచ్చటి పూత గానీ పూసి కప్పేసేవారు. ఇప్పటి వైట్‌నర్ పని అది చేసిందన్నమాట.

అసలు అక్షరాలు ఎందుకు పడిపోతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తే హంసపాదు ఎక్కడ అవసరమో మీరే పట్టుకోగలరు. రాతగాడు మూలం వైపు చూస్తాడు, కొంత గుర్తుపెట్టుకుంటాడు, తన ఆకు మీద రాస్తాడు, మళ్లీ మూలం వైపు చూస్తాడు. ఆ మళ్లీ చూసినప్పుడు కన్ను సరిగ్గా ఆగిన చోటే పడకపోతే పోయినట్టే. "రాముడు అడవికి వెళ్లెను, సీత అడవికి వెళ్లెను, లక్ష్మణుడు అడవికి వెళ్లెను" అని మూలంలో ఉంటే, మొదటి "వెళ్లెను" రాసి తలెత్తినవాడి కన్ను రెండో "వెళ్లెను" మీద పడుతుంది, సీత పడిపోతుంది. వాక్యం మాత్రం చక్కగా ఉంటుంది కాబట్టి చదివేవాళ్లకు అనుమానం రాదు. మూలంతో పోల్చిచూసినవాడికే తెలుస్తుంది. రాతగాళ్లు ప్రతి చివర రాసుకునే శ్లోకాలున్నాయి, "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, యది శుద్ధమశుద్ధం వా మమ దోషో న విద్యతే" అని. నేను చూసిన పుస్తకంలో ఎలా ఉంటే అలా రాశాను, ఒప్పయినా తప్పయినా దోషం నాది కాదు అని అర్థం. ఇంకొకటి "భగ్నపృష్ఠ కటిగ్రీవః" అని మొదలవుతుంది. వీపు, నడుము, మెడ విరిగిపోగా, చూపు కదల్చకుండా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని వేడుకుంటాడు. ఆ మాటలు చదివినప్పుడల్లా ఆ మనుషుల మీద నాకు గౌరవం పెరుగుతుంది. పగలల్లా ఆకు మీదికి వంగి కూర్చున్నవాడికి ఒక అక్షరం జారిపోవడం సహజం, దాన్ని గమనించి గుర్తు పెట్టడం నిజాయితీ.

పద్యాల్లో అయితే ఛందస్సు మనకు కాపలా కాస్తుంది. ఇది మీ నోటుపుస్తకానికి నేరుగా పనికొచ్చే సంగతి. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం మీద. మీరు లెక్కపెడితే 19 వచ్చాయి. అంటే ఒకటి పడిపోయింది. యతి అక్షరం 9వ స్థానంలో కనిపిస్తే పడిపోయింది యతికి ముందు, సరిగ్గా 10లోనే ఉంటే పడిపోయింది యతి తర్వాత. గురులఘువులు కూడా గుర్తించి భ, ర, న, భ, భ, ర, వ అని గణాలు విడగొడితే లెక్క ఎక్కడ చెడిందో అక్కడికి ఇంకా దగ్గరగా వెళ్లొచ్చు. చంపకమాలకు 21 అక్షరాలు, యతి 11. శార్దూలానికి 19, యతి 13. మత్తేభానికి 20, యతి 14. పోయింది రెండో అక్షరమైతే ప్రాస వెంటనే తెలియజేస్తుంది. కందం, సీసం, ఆటవెలది, తేటగీతి లాంటివాటికి మాత్రం ఊరికే అక్షరాలు లెక్కపెట్టి లాభం లేదు, గణాలు విడగొట్టి చూడాల్సిందే. ఒక శతకం ప్రతిలో ఇలాగే గణాలు చూసుకుంటూ పోతే ఒక పద్యంలో చోటు తెలిసింది గానీ అక్షరం తెలియలేదు. అర్థానికి సరిపోయేవి రెండు తోచాయి. ఇంకో ప్రతి దొరికేదాకా అక్కడ ఖాళీ వదిలి అడుగున గమనిక రాశాను. చోటు తెలిసినంత మాత్రాన మనకు తోచిన అక్షరం చేర్చేయకండి. హంసపాదు పెట్టే హక్కు మూలమో మరో ప్రతో చేతిలో ఉన్నవాడికే. మిగతాది ఊహ, దాన్ని ఊహగానే చూపించాలి.

ఇక ఇంగ్లీషు సంగతి. పాత లాటిన్ రాతప్రతుల్లో పడిపోయిన చోట "హెచ్, డి" అనే రెండక్షరాలు రాసి, అంచులో చేర్చాల్సిన భాగం దగ్గర "హెచ్, ఎస్" అని రాసేవారు. మొదటిది "ఇక్కడ లోపించింది" అనడానికి పొడి అక్షరాలు. అంటే అక్కడ ఒక గుర్తు, అంచులో దానికి జత. మన రాతగాళ్లు చేసిందీ అదే, ఎవరి తిప్పలు పడి వాళ్లు ఒకే ఉపాయానికి వచ్చారు. క్యారెట్ అన్న మాట కూడా లాటిన్‌దే, "లేదు, లోపించింది" అని అర్థం. ఇంగ్లీషులో అది 17వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చింది. కూరగాయ క్యారెట్‌కు స్పెల్లింగే వేరు. వాళ్లది పనిని బట్టి వచ్చిన పేరు, మనది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. కాబట్టి హంసపాదు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదని ధైర్యంగా చెప్పొచ్చు, ఆ పద్ధతి పైన చెప్పిన తర్వాతి శాసనాల కాలం నాటికే ఇక్కడ ఉంది. అయితే ఇవాళ తెలుగు ప్రూఫుల మీద మనం పెట్టే ^ ఆకారం మాత్రం ప్రెస్సుల ద్వారా స్థిరపడిందని నా అభిప్రాయం. పాత ప్రతుల్లో నాకు ఎక్కువగా ఎదురైంది శిలువ, ప్రెస్సులో నేర్చుకున్నది గొడుగు. పేరు పాతదే ఉండి ఆకారం మారింది.

కీబోర్డు మీది గుర్తు కథ వేరు. ఫ్రెంచిలో కొన్ని అచ్చుల నెత్తిన టోపీలాంటి గుర్తు ఉంటుంది, దాన్ని సర్కమ్‌ఫ్లెక్స్ అంటారు. టైపురైటర్ మీద ఆ గుర్తు కొట్టి, అదే చోట అక్షరం కొట్టేవాళ్లు. కంప్యూటర్లకు ఆస్కీ అనే అక్షరాల పట్టిక తయారుచేసినప్పుడు 1963 నాటి రూపంలో ఆ స్థానంలో పైకి చూసే బాణం ఉండేది, 1967 నాటి రూపంలో దాని బదులు ఈ టోపీ వచ్చింది. పైబాణాన్ని ఘాతం చూపడానికి వాడే అలవాటు అప్పటికే ఉండటం వల్ల, 2^3 అంటే 2 ఘాతం 3 అని ఇవాళ్టికీ రాస్తున్నాం. మీరు జాగ్రత్తగా చూస్తే ఆ గుర్తు వరుసలో పైకి ఉంటుంది, అక్షరం నెత్తిన కూర్చోవాల్సింది కదా. ప్రూఫులో పెట్టే గుర్తు వరుస అడుగున, రెండక్షరాల మధ్య కిందినుంచి పైకి పొడుచుకొస్తుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే యూనికోడ్ పట్టికలో ఈ రెండూ వేర్వేరు స్థానాలు, ప్రూఫు గుర్తుకు ‸ అని విడిగా ఉంది. దేవనాగరి రాతప్రతుల్లోని గుర్తు కోసం 2009లో వచ్చిన యూనికోడ్ 5.2లో దేవనాగరి క్యారెట్ అని ఇంకొకటి చేర్చారు. తెరమీద మిణుకుమిణుకుమనే నిలువు గీతను కూడా ప్రోగ్రామర్లు క్యారెట్ అనే అంటారు, మీరు కొట్టబోయే అక్షరం చేరే చోటు అదే కాబట్టి ఆ పేరు సరైనదే.

ఇప్పుడు పని సంగతి, దీని గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మంచి హంసపాదు ఎలా ఉండాలి?

గుర్తు ఒక్కచోటే తాకాలి. రెండక్షరాల మీదికి పాకేంత పెద్ద గొడుగు గీస్తే కంపోజ్ చేసేవాళ్లకు ఎటు చేర్చాలో తెలియదు. చేర్చాల్సింది ఒకటి రెండు అక్షరాలైతే వరుస పైన రాయొచ్చు గానీ, ప్రూఫుల్లో ఎప్పుడూ అంచులోనే, అదే వరుసకు ఎదురుగా రాయడం మేలు. దిద్దేవాళ్లు ముందు అంచులు చూసుకుంటూ పోతారు, వరుసల మధ్య దాక్కున్న అక్షరాన్ని దాటేస్తారు. బీఎస్ 5261 అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం అంచులో రాసిన అక్షరం వెంట కూడా అదే గుర్తు పెట్టాలి. అమెరికా వాళ్లు అంచులో రాసిన అక్షరం వెంట సాధారణంగా ఆ గుర్తు పెట్టరు, ఒకే వరుసకు రెండు మూడు దిద్దుబాట్లు ఉంటే మధ్య వాలుగీత గీస్తారు. మన ప్రెస్సుల్లో రెండూ కలిసిపోయాయి. ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకం మొత్తం అదే పాటించండి, అంతే.

తెలుగుకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది, ఇంగ్లీషు పద్ధతి చదివి నేర్చుకున్నవాళ్లకు ఇది తట్టదు. ఒత్తో గుణింతమో పడిపోతే ఆ ముక్కను మాత్రమే అంచులో రాయకండి, అక్షరం మొత్తం రాయండి. "పదం" అని పడింది, కావాల్సింది "పద్యం". అంచులో యవత్తు ఒక్కటే గీసి హంసపాదు పెడితే అది ద కిందికి వెళ్లాలా ప కిందికి వెళ్లాలా అన్నది చదివేవాళ్ల ఊహకు వదిలేసినట్టే. పైగా చేతిరాతలో కొన్ని ఒత్తులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. "ద" కొట్టేసి అంచులో "ద్య" అని రాస్తే గొడవ ఉండదు. ఇది నిజానికి చేర్పు కాదు, మార్పు. కానీ మన లిపిలో చాలా చేర్పులు ఇలా మార్పుగా చూపిస్తేనే భద్రం. సున్న పడిపోయినప్పుడు కూడా ఇంతే, ఒంటరి సున్న అంచులో ఉంటే అంకెల మధ్య వరుసలో అది అంకెగా మారిపోయే ప్రమాదం ఉంది.

సీసపు అక్షరాల రోజుల్లో హంసపాదు పెట్టడానికి ముందు బాగా ఆలోచించేవాళ్లం. కంపోజిటర్ ఒక్కో అక్షరాన్ని కేసు అనే అరల పెట్టెలోంచి ఏరి, స్టిక్కు అనే చేతి పనిముట్టులో వరుసగా పేర్చి, గ్యాలీ అనే పొడవాటి పళ్లెంలో పెట్టి, ప్రూఫు తీసి ఇచ్చేవాడు. మధ్యలో ఒక మాట చేర్చమంటే ఆ వరుస నిండి, చివరి మాట కింది వరుసలోకి, దాని చివరిది ఇంకో వరుసలోకి జారుతుంది, పేరా చివరిదాకా మళ్లీ సర్దాలి. గ్యాలీ ప్రూఫు దశలో అయితే అడగొచ్చు. పేజీలు కట్టేశాక చేర్పు వస్తే, అక్కడే దగ్గర్లో అన్నే అక్షరాలు తగ్గించగలమా అని రచయితను అడిగేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్ దానంతట అదే జరుపుతుంది కాబట్టి ఆ భయం పోయింది. దాంతోపాటు చివరి నిమిషంలో చేర్పులు పెరిగాయి, చేర్చిన చోట కొత్త తప్పులూ పెరిగాయి. అందుకే నేను హంసపాదు పెట్టిన ప్రతి చోటునూ రెండో ప్రూఫులో ముందు వరుస, వెనక వరుసతో కలిపి చదువుతాను. అంచులో నేను రాసిన సూచనను కూడా వాక్యంలో భాగమనుకుని టైపు చేసేయడం చాలాసార్లు చూశాను. దానికి మందు ఒక్కటే, సూచన చుట్టూ గీత గీసి బంధించడం. చుట్టుగీతలో ఉన్నది సూచన, బయట ఉన్నది పాఠం.

ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో అడిగేవాళ్లకు నేనెప్పుడూ ఒకే ఉదాహరణ చెబుతాను. ఒక ఆరోగ్య కరపత్రం ప్రూఫులో "మామూలు జలుబుకు యాంటీబయాటిక్ అవసరం" అని ఉంది. మూలంలో డాక్టరుగారు రాసింది "అనవసరం". మధ్యలో న పోయింది. వాక్యం తప్పులేకుండా ఉంది, అక్షరదోషం లేదు, స్పెల్‌చెకర్‌కు అందులో అభ్యంతరం ఏమీ ఉండదు. మూలప్రతి పక్కన పెట్టుకుని చదివాం కాబట్టి దొరికింది. ఆ ఒక్క న కోసం పెట్టిన హంసపాదు విలువ ఆ కరపత్రం చదివే ఇళ్లలో తెలుస్తుంది. సాధ్యం, అసాధ్యం, అపరాధి, నిరపరాధి, ఉంది, ఉండదు లాంటి జతలు వచ్చినప్పుడు మూలం చూడకుండా ముందుకు పోవద్దు.

దస్తావేజుల్లో హంసపాదు చట్టం పరిధిలోకి కూడా వస్తుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, వరుసల మధ్య చేర్పులు, ఖాళీలు, తుడుపులు, మార్పులు ఉన్న పత్రాన్ని రాసిచ్చినవాళ్లు ఆయా చోట్ల సంతకమో పొడి సంతకమో పెట్టి ధ్రువీకరించకపోతే రిజిస్టర్ చేయడానికి నిరాకరించే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. కారణం తేలిగ్గా అర్థమవుతుంది. హద్దుల్లో ఒక మాట, విస్తీర్ణంలో ఒక అంకె తర్వాత ఎవరైనా ఇరికించవచ్చు కదా. పుస్తకంలో హంసపాదు నమ్మకాన్ని పెంచుతుంది, దస్తావేజులో సంతకం లేని హంసపాదు అనుమానాన్ని పెంచుతుంది. మీ ఇంట్లో పాత కాగితాలుంటే అలాంటి చోట్ల పక్కన సంతకాలున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మీ తాతగారి నోటుపుస్తకం. × గుర్తు కనిపించగానే అంచుల్లో, పై కింది ఖాళీల్లో దానికి జతగా మరో × ఉందేమో, దాని పక్కన అక్షరాలున్నాయేమో వెతకండి. జత దొరికితే అది హంసపాదు, ఆ అక్షరాలను అక్కడ చేర్చి పాదం చదివి, పైన చెప్పినట్టు లెక్క సరిపోతుందో లేదో చూడండి. కొన్నిసార్లు జత అక్షరాలతో పాటు ఒక అంకె కూడా ఉంటుంది, అది ఎన్నో వరుసలో చేర్చాలో చెప్పే సంఖ్య, పై నుంచి లెక్కపెట్టి సరిపోకపోతే కింది నుంచి లెక్కపెట్టి చూడండి. జత ఎక్కడా లేకపోతే రెండు అవకాశాలున్నాయి. దక్షిణాది ప్రతుల్లో కావాలని వదిలేసిన చోటు చూపడానికి కూడా శిలువ గుర్తు వాడారు. అంటే ఆయన చూసి రాసిన ప్రతిలో ఆ భాగం చెదలు తిని ఉండవచ్చు, లేదా అందరికీ తెలిసిన భాగమని ఆయనే వదిలి ఉండవచ్చు. అదీ కాకపోతే, పద్యాల మధ్య వరుసగా ఒకే దూరంలో ఉన్న × గుర్తులు ఊరికే విరామం కోసం పెట్టినవి కావచ్చు. అవి పాదం మధ్యలో ఉండవు, పద్యం ముగిశాకే ఉంటాయి, అదే తేడా.

టైపు చేయించేటప్పుడు చేర్పులను పాఠంలో కలిపేసి ఊరుకోకండి. ఏ అక్షరాలు మొదట రాసినవి, ఏవి తర్వాత చేర్చినవి అన్నది అడుగున గమనికలో రాయించండి. సిరా రంగు వేరుగా ఉంటే అదీ రాయండి, ఎన్నేళ్ల తర్వాతో ఇంకో ప్రతి చూసి దిద్దుకుని ఉండవచ్చు. వీలైతే రెండు మూడు పేజీల ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పద్యం వరకే కత్తిరించకుండా నాలుగు అంచులూ కనిపించేలా మొత్తం పేజీ తీయండి, నాకు కావాల్సింది ఎక్కువగా ఆ అంచుల్లోనే ఉంటుంది.